అర్థం కాని చోట ఆపమన్న లూదియా టీచరమ్మ

నంద్యాలలో లూదియా టీచరమ్మ రిటైరయిన రోజు సభకు నేనూ పోయాను. 1987 ఏప్రిల్ నెల. షామియానా కింద ఒకటే ఉక్క. మెడ నిండా పూలదండలతో ఆమె, ఆమెకు అటూ ఇటూ వరసగా పెద్దమనుషులు. ఒకాయన లేచి ఆమె ఓర్పును పొగిడాడు. ఇంకొకాయన క్రమశిక్షణ అన్నాడు. మూడో ఆయన ఆమె సమయపాలన గురించి మొదలుపెట్టి, తన సమయం సంగతి మరిచిపోయి మాట్లాడాడు. నాకు ఒళ్లు మండింది. ఆమెకు ఓర్పు ఎక్కడిది? తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపే పిల్లలను చూస్తే ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. సమయపాలన అంతకన్నా లేదు. గంట కొట్టినా పాఠం వదిలేది కాదు, తర్వాతి సారు వచ్చి తలుపు దగ్గర నిలబడి దగ్గాల్సిందే.

ఆమె చేసిన అసలు పని ఒక్కరూ చెప్పలేదు. నా పక్కన మద్దిలేటి కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో నాతోపాటు ఆమె దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు దొర్నిపాడు దగ్గర బడిపంతులు. నువ్వన్నా లేచి చెప్పవయ్యా అన్నాను. నోరు నీకే ఎక్కువ, నువ్వే చెప్పు అన్నాడు. నిజమే, మా ఇంట్లో కూడా ఆ పేరు నాకుంది. కానీ సభలో ఆడవాళ్లకు మైకు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నా పేరు కమలాక్షి. మాది ఆళ్లగడ్డ బజారులో బట్టల అంగడి. మా నాయన అనంతయ్య, మేం చదివిన బడి కమిటీకి అధ్యక్షుడు. 1977లో నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాది మాకు తెలుగు చెప్పడానికి లూదియా టీచరమ్మ వచ్చింది. అంతకుముందు చాలా ఏండ్లు వేరే బళ్లలో ఆమెను ఆరో తరగతికే పరిమితం చేసి పెట్టారు. పదో తరగతి ఇవ్వమని ఆమె అడగని హెడ్మాస్టరు లేడు. చిన్న తరగతిలో తప్పినోళ్లను ఇంట్లోవాళ్లు మళ్లీ బడికి పంపుతారు, పదో తరగతి తప్పినోళ్లను పత్తి చేనికి పంపుతారు అనేది ఆమె. ఆ గడప దాటించే చోట తాను ఉండాలని ఆమె పట్టుదల.

మొదటి రోజే మద్దిలేటిని లేపి ఒక పేజీ చదవమంది. వాడు మా తరగతికి ఎక్స్‌ప్రెస్ బస్సు. ఎక్కడా ఆగేవాడు కాదు. మా ప్రాంతంలో బాగా చదవడమంటే అదే, ఊపిరి తిరగకుండా గడగడా చదివేయడం. గుడిలోనైనా చర్చిలోనైనా అట్లా చదివే పిల్లను చూసి ముసలివాళ్లు మెటికలు విరిచేవాళ్లు. మద్దిలేటి పేజీ ముగించి, మెచ్చుకుంటుందని నిలబడ్డాడు. ఏం చదివినావురా అని అడిగింది ఆమె. వాడు అదే పేజీని పుస్తకం చూడకుండా మళ్లీ మొదటినుంచి అప్పజెప్పాడు. అది కాదు, అందులో ఏం జరిగిందో చెప్పు అంది. వాడు ఇంకా గట్టిగా, మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. మేమంతా పగలబడి నవ్వాం. ఆమె నవ్వలేదు. మమ్మల్ని చూసిన చూపుకు మా నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు తన కథ చెప్పింది. ఆమెది సంజామల. నాయన యోబు కూలి మనిషి, రైతుల చేలల్లో గొర్రు తోలేవాడు. ఆ నల్లరేగడి నేలల్లో విత్తనాన్ని చేత్తో చల్లరు. ఎద్దులు గొర్రును లాగుతుంటే, పైనుంచి పోసిన గింజలు గొట్టాల గుండా సాలులోకి దిగుతాయి. యోబు పోస్తే గింజ ఎక్కడా ఎచ్చుతగ్గు ఉండదని ఊళ్లో పేరు. ఆయనకు అక్షరం ముక్క రాదు. కూతురికి రావాలని నంద్యాలలో మిషన్ హాస్టల్లో వేశాడు. అక్కడ ఆమె కూడా మద్దిలేటి లాంటిదే. కంఠస్థం చేసే పోటీ ఏది పెట్టినా బహుమతి ఆమెదే.

ఒక ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చి, తన ప్రతాపం చూపించడానికి నాయన ముందు వాచకంలో ఒక పాఠం చదివింది. అందులో ఒక రైతు పొద్దున్నే లేచి పొలానికి పోయి గింజలు చల్లుతాడు. యోబు చివరిదాకా విని, ఆ మనిషి గొర్రు కట్టకుండా చేత్తో చల్లినాడే, ఏం పంట వేసినాడు అని అడిగాడు. ఆమెకు తెలీదు. పోనీ నేల ఎట్లాంటిది అన్నాడు. అదీ తెలీదు. పాఠంలో అవన్నీ ఉండవు నాయనా అంది.

"అయితే ఇంతసేపూ చదివినదేందమ్మా నువ్వు?" అన్నాడు యోబు.

తిట్టడానికి అన్నమాట కాదది. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం తినలేదు. తెల్లారి ఆ పాఠాన్ని కోపంతో మళ్లీ తీసింది, నాయనది తప్పని నిరూపించడానికి. ఈసారి మెల్లగా చదివింది. రైతు మడిలో దిగితే చీలమండల దాకా నీళ్లు వచ్చాయని రెండో వాక్యంలోనే ఉంది. నీళ్లు నిలిచిన మడి అంటే వరి. నానేసిన వడ్లు చేత్తోనే చల్లుతారు. ఆయన అడిగిన రెండింటికీ జవాబు అక్కడే ఉంది.

"ఆ పాఠం నాకు నోటికొచ్చు. బహుమతి కూడా తెచ్చుకున్నా. కానీ ఆ నీళ్లు నాకు ఒక్కసారి కూడా కనపడలేదు" అని చెప్పింది మాకు. తన తెలివితక్కువతనాన్ని ఆమె అంత గర్వంగా చెప్పడం నాకు భలే వింతగా అనిపించింది.

ఆ రోజు నుంచి మా తరగతిలో చదువు తీరే మారిపోయింది. ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ, ఎవరైనా సరే, ఆపు అనాలి. చదివేవాడు ఆగి చెప్పాలి. చెప్పలేకపోతే అందరం కలిసి వెతకాలి. ఆపు అన్నవాణ్ణి చూసి నవ్వితే బెంచీ ఎక్కించేది. ఆపు అనకుండా వారమంతా గడిపేసినవాణ్ణి ఇంకా ఎక్కువ అనుమానించేది.

అక్కడితో ఆగలేదు. ప్రతి పాఠాన్నీ సాయంత్రం ఇంట్లో చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి. వాళ్లు ఎక్కడ ఆపారో, ఏం అడిగారో మరుసటి రోజు వచ్చి చెప్పాలి. దానికి ఇంటి ప్రశ్న అని పేరు. మద్దిలేటికి వాళ్లమ్మ ఆదెమ్మ ఉంది. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, పొయ్యి ముందర కూర్చుని వినేది. మొదట్లో మమ్మల్ని ఎవరూ ఆపేవాళ్లు కాదు. చదువుకున్న పిల్లను ఆపితే తప్పేమో అని భయం. ఆపమని బతిమాలాల్సి వచ్చేది.

నాకు మా జేజి ఉంది, మహానందమ్మ, మా నాయన తల్లి. ఆమెకు భయం లేదు గాని ఓపిక లేదు. నాలుగు వాక్యాలకే గురక పెట్టేది. నేనొకరోజు ప్రశ్న సొంతంగా కల్పించి తీసుకుపోయాను. ఆ రాణి గుణగణాలెట్టివి అని మా జేజి అడిగిందన్నాను. లూదియా టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని నన్ను కింది నుంచి పై దాకా చూసింది. మీ జేజి మీ అంగట్లో కూర్చుని గుడ్డ కొలిచే మనిషి, గుణగణాలెట్టివి అని అడుగుతుందా, అడిగితే ధర అడుగుతుంది అంది. తరగతి మొత్తం నవ్వింది, ఆమెతో సహా. ఇంటికి పోయి మా జేజిని నిద్రపోనీయకుండా మళ్లీ చదివాను.

ఆ పాఠంలో ఒక రాణి కరువు కాలంలో తన నగలమ్మి కాలువ తవ్విస్తుంది. మా జేజి ఠక్కున లేచి కూర్చుంది. "ఊరంతా కరువైతే ఆ నగలు కొనిందెవరే?" అని అడిగింది. మర్నాడు తరగతిలో ఆ ప్రశ్న పెడితే అందరం పుస్తకం మీద పడ్డాం. పొరుగు రాజ్యపు వర్తకులు అనే మాట ఒక మూల దొరికింది. అదే పాఠానికి ఆదెమ్మ అడిగిన ప్రశ్నను మద్దిలేటి తెచ్చాడు. కాలువ తవ్విన కూలోళ్లకు ఏం పెట్టినారు అని. ఎంత వెతికినా దొరకలేదు. పాఠంలో లేదు టీచర్ అన్నాం దిగులుగా. లేదని కనుక్కోవడం కూడా చదవడమే అంది. ఆ మాటకు మేం ఎంత పొంగిపోయామో చెప్పలేను. రాసినాయన మరిచిపోయింది మేం పట్టుకున్నాం గదా.

అయితే ఇట్లా చదివితే పాఠాలు ముందుకు పోవు. పక్క ఊళ్ల బళ్లలో నోట్సులు ఇచ్చి అప్పజెప్పించుకుంటుంటే, మేం ఇంకా కాలువ దగ్గరే ఉన్నాం. మూడు నెలల పరీక్షలో అందరం సొంత వాక్యాలు రాసి, నోట్సులో ఉన్నట్టు లేదని మార్కులు పోగొట్టుకున్నాం. బజారులో గుసగుసలు మొదలయ్యాయి. టీచరంటే చెప్పాలి గాని పిల్లోళ్లతో చెప్పించుకునేదేంది అని మా నాయన భోజనాల దగ్గర కేకలేశాడు. అంగడి కట్టేసి వచ్చేసరికి ఇంట్లో నేను జేజితో వాదించుకుంటూ ఉండటం ఆయనకు అస్సలు నచ్చలేదు.

హెడ్మాస్టరు మాధవయ్య సారు మంచివాడే, కానీ నీడను చూసి కూడా భయపడే రకం. ఆయన లూదియా టీచరమ్మను పిలిచి, ఇంటి ప్రశ్నలు మానేసి అందరి మాదిరి నోట్సు చెప్పమన్నాడు. ఆమె కుదరదంది. నోట్సు నేర్పిస్తే పరీక్ష దాకా పనికొస్తుంది, చదవడం నేర్పిస్తే ఆ తర్వాత పనికొస్తుంది అందట. అయితే పదో తరగతి మీ చేతిలో ఉండదు అన్నాడు సారు. ఆ మాట చెప్పడమైతే చెప్పాడు గాని, ఊరికే తీసేస్తే ఆమె కర్నూలులో జిల్లా అధికారులకు అర్జీ పెడుతుందని ఆయన భయం. అందుకని కమిటీతో కలిసి ఒక ఉపాయం చేశాడు. మార్పు కోరుతున్నది తల్లిదండ్రులే అని ఒక కాగితం రాసి, వాళ్లతో సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకుంటే ఎవరి మీదా మాట రాదు.

ఆ సంగతి నాకు తెలిసింది మా ఇంట్లోనే. ఆమె మళ్లీ ఆరో తరగతికి పోతుందని వినగానే నాకు ఏడుపొచ్చింది. మర్నాడు బడిలో చెబితే మద్దిలేటి ముఖం వాడిపోయింది. వాడు అప్పుడప్పుడే బస్సు నడపడం మానేసి మనిషి మాదిరి చదవడం నేర్చుకున్నాడు. లూదియా టీచరమ్మకు ముందే తెలుసు. మీ ఇండ్లల్లో నా గురించి ఒక్క మాట చెప్పినా ఊరుకోను, పిల్లోళ్లను అడ్డం పెట్టుకుని నేను కొలువు చెయ్యను అని కచ్చితంగా చెప్పింది. చెప్పి, మామూలుగా పాఠం మొదలుపెట్టింది.

సంత రోజు మధ్యాహ్నం మీటింగు పెట్టారు. ఊళ్లోకి ఎట్లాగూ వస్తారు గదా అని. బడి వరండాలో చాపలు పరిచారు. బజారు వాళ్లు బెంచీల మీద, కూలీ జనం చాపల మీద. మమ్మల్ని తరగతిలో కూర్చోబెట్టి తలుపేశారు గాని, కిటికీలకు రెక్కలు సరిగా పడవు. మేమంతా అక్కడే ఉన్నాం. లూదియా టీచరమ్మను ఆఫీసు గదిలో ఉండమన్నారు. ఆమె కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది.

బడి గుమాస్తా లేచి కాగితం చదివాడు. విద్యార్థుల భావి శ్రేయస్సును దృష్టియందుంచుకొని, బోధనా విధానమునందు సముచితమైన మార్పు ఆవశ్యకమని తల్లిదండ్రులమైన మేము ఏకగ్రీవముగా అభ్యర్థించుచున్నాము, అని గడగడా సాగిపోయాడు. మా ఊళ్లలో కాగితాలు చదివే పద్ధతే అది. చదివేవాడు ఊపిరి తిరగకుండా చదవాలి, విన్నవాళ్లు బొటనవేలు చాపాలి. భూమి కాగితమైనా, అప్పు కాగితమైనా అంతే. ఒక పిల్లవాడు సిరా మెత్త పట్టుకుని చాపల దగ్గరికి పోయాడు. మొదటి వరసలో ఆదెమ్మ ఉంది.

ఆదెమ్మ వేలు చాపలేదు. చెయ్యి కొంగులో పెట్టుకుంది.

"ఆపప్పా. ఆడ నాకు అర్థం గాల్యా" అంది.

గుమాస్తా కాగితాన్ని మొదటినుంచి ఇంకా వేగంగా చదివాడు.

"మళ్లా అదే చదివితే ఎట్లప్పా? మావోడైతే యాడ ఆపమంటే ఆడ ఆపి చెప్తాడు. మేము మేము అంటాండావే, ఆ మేము ఎవురు?"

"మీరే" అన్నాడు గుమాస్తా.

"మేం ఏం అడిగినామని రాసినావు?"

"మార్పు కావాలని."

"మేం యాడ అడిగినాం?"

ఆదెమ్మ గొంతు పెంచలేదు. పొయ్యి ముందర కొడుకును అడిగినట్టే అడిగింది. వెనక వరస నుంచి ఒక పెద్దాయన, మార్పంటే ఏం మార్పో అది కూడా చెప్పండి అన్నాడు. ఇంకో చాప మీది నుంచి ఇంకొకరు. నెలల తరబడి ఇండ్లల్లో పిల్లలను ఆపడం అలవాటైన జనం, ఇప్పుడు గుమాస్తాను మాట మాటకూ ఆపారు. చివరికి మాధవయ్య సారే లేచి, లూదియమ్మ గారిని పదో తరగతి నుంచి తీసి ఆరో తరగతికి వేస్తున్నాం అని మామూలు తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

"ఈ మాట ముందే చెప్పుంటే సరిపోయేది గదా సారూ. మాకొద్దు" అని ఆదెమ్మ లేచింది. చాపల మీద వాళ్లంతా లేచారు. సిరా మెత్త పట్టుకున్న పిల్లవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక నిలబడిపోయాడు.

కిటికీ దగ్గర మద్దిలేటి నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు. నేను ఆఫీసు గుమ్మం వైపు చూశాను. లూదియా టీచరమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఆమె మాట మీద మేమెవరం ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఆదెమ్మ ఎవరి కోసమూ ఆపలేదు, అర్థం కాలేదు కాబట్టి ఆపింది. అందుకే నాకు అంత గర్వంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అయినా పని అయిపోలేదు. కమిటీ తలుచుకుంటే వేలిముద్రలు లేకపోయినా చేయగలదు. అధ్యక్షుడి మాటే ఆఖరు మాట. మా నాయన నిప్పులు కక్కుతూ ఇంటికి వచ్చాడు. చదువు రానోళ్లు పెద్దల కాగితాన్ని ఆపడమేంది, రేపే ఆమెను ఆరో తరగతికి పంపిస్తాను చూడు అన్నాడు. మా జేజి వక్క నములుతూ అంతా విని, ఆ కాగితం యాడుంది, చదువు వింటాను అంది. నీకెందుకమ్మా అన్నాడాయన.

"నాకెందుకా? మీ నాయన పోయినప్పట్నుంచి నువ్వు చూపిచ్చిన చోటల్లా ఏలు పెట్టినా గదరా. ఒక్కదాంట్లోనన్నా ఏముందో చెప్పినావా?" అంది జేజి.

"నువ్వెప్పుడన్నా అడిగినావా?"

"అడగొచ్చని నాకెవురు చెప్పినారు? ఇన్నేండ్లకు ఇదో, ఈ పిల్ల చెప్పింది. దీనికి ఆ టీచరమ్మ చెప్పింది. ఆయమ్మను తీసేస్తావా నువ్వు?"

మా నాయన ఉయ్యాల బల్ల మీది నుంచి లేచి లోపలికి పోయి, బీరువా తీసి, ఇంటి కాగితాల కట్ట తెచ్చి, జేజి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, అర్థం గాకుంటే చెప్పమ్మా అన్నాడు.

మర్నాడు ఆయన పొద్దున్నే బడికి పోయి, పదో తరగతి ఆమెకే ఉంచమని మాధవయ్య సారుకు చెప్పి వచ్చాడు. ఎందుకో చెప్పలేదు, సారు అడగనూ లేదు. లూదియా టీచరమ్మ తరగతిలోకి రాగానే నేను ఆగలేక, మా నాయన ఇంటి కాగితాలు మా జేజికి చదివి వినిపించాడని చెప్పేశాను. పుస్తకం తెరవబోతున్న ఆమె చెయ్యి ఆగింది. థాంక్స్ అనలేదు, మీ నాయన మంచివాడు అని కూడా అనలేదు.

"మీ జేజి యాడ ఆపింది?" అని అడిగింది.

మొదటి వాక్యంలోనే ఆపింది టీచర్ అన్నాను.

"బాగా వింటాంది" అని, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.